వార్షిక నివేదిక: బట్టీ అడ్వాన్సులు, బడి మానే పిల్లలు

సభ్యులందరికీ నమస్కారం.

ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల్లో ఈ ఏడాది సంఘం పని చాలావరకు ఇటుక బట్టీలకు వలసపోయే కుటుంబాల చుట్టూనే తిరిగింది. ఏప్రిల్‌లో తనిఖీలు జరిగేనాటికి సగం నష్టం జరిగిపోయి ఉంటుంది. అసలు పని దసరా వెళ్లిన నాలుగైదు వారాల్లోనే, అంటే బట్టీకి కూలీలను కుదిర్చే సర్దార్ ఇంటికొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టే రోజుల్లో. ఆ డబ్బు మనిషికి కాదు, జట్టుకు: మొగుడు, పెళ్లాం, చేతికందిన ఒక పిల్ల. కూలి పద్దులో మాత్రం తండ్రి పేరొక్కటే ఉంటుంది.

అచ్చు తీసిన ఇటుకను నేల మీద పడుకోబెట్టి ఆరబెడతారు. పైన గట్టిపడగానే పక్కకు తిప్పి నిలబెట్టాలి, లేకుంటే అడుగున తడి మిగిలి కాల్పులో పగులుతుంది. వరసల మధ్య సందు సన్నం. చిన్న పాదమైతే పచ్చి ఇటుక నలగదు. పిల్లలు కావాల్సింది ఇందుకే. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. వానకు కరిగినవి చాలాచోట్ల లెక్కలోకి రావు. పిల్ల బడికి పోతే తిప్పుడు పని తల్లి మీద పడుతుంది, రోజు లెక్క తగ్గుతుంది, అడ్వాన్సు తీరదు, మళ్లీ ఏడాది అదే బట్టీ. ఈ లెక్క చూడకుండా "పిల్లను పంపకండి" అంటే ఆ ఇంట్లో ఎవరూ వినరు.

అందుకే ముందు హాస్టల్ సీటు, తర్వాతే మాటలు. పిల్ల తాతామామ్మల దగ్గరుంటే రేషన్ బియ్యం కొంత ఇక్కడ, కొంత తల్లిదండ్రులున్న చోట తీసుకోవచ్చు. ఆధార్ జతపడి ఉండాలి. ఉపాధి హామీ పని నోటితో అడిగితే లాభం లేదు. తేదీ వేసిన రసీదుంటేనే 15 రోజుల్లో పని చూపనందుకు భృతి అడగ్గలం. అయినా ఆ కూలి బ్యాంకులో ఎప్పుడో పడుతుంది, సర్దార్ డబ్బు ఈ రోజే వస్తుంది. ఇక్కడ మనం ఇంకా ఓడిపోతూనే ఉన్నాం.

పిల్లలు పనిలో కనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్. యజమాని మొదట అనేది "ఇంటివాళ్లకు సాయం చేస్తున్నారు" అనే. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణలోని ఆ మినహాయింపు సొంత కుటుంబ వృత్తికి, అదీ బడి వేళలు అయ్యాక లేదా సెలవుల్లోనే. పరాయి బట్టీకి వర్తించదు. వయసుకు బడి సర్టిఫికెట్, అది లేకుంటే పంచాయతీ జనన పత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. పిల్లల్ని 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి.

ఎక్కువగా దెబ్బతినేది విడుదల పత్రం దగ్గర. కుటుంబాన్ని ఆ రాత్రే రైలెక్కిస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ వెట్టిచాకిరీ విడుదల పత్రం బట్టీ ఉన్న జిల్లా అధికారులే ఇవ్వాలి. 1976 చట్టం ప్రకారం బాకీ రద్దయిందని సర్దార్‌కు చూపడానికీ, 30,000 రూపాయల వరకు వచ్చే తక్షణ సాయానికీ అదే ఆధారం. ఇంటికొచ్చాక దానికోసం తిరగడం ఇంకో వలస.

తిరిగొచ్చిన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఆరు నెలలు పోయాక అక్షరాలు మరిచిపోతారు. టీసీ రాలేదని ఎనిమిదో తరగతి వరకు చేర్చుకోకపోవడం కుదరదు, విద్యా హక్కు చట్టం వయసుకు తగ్గ తరగతే ఇమ్మంటుంది. కానీ అందులో కూర్చుని ఏమీ అర్థంకాక నెలలోనే మానేస్తారు. జూన్, జూలైల్లో సాయంత్రం ఒడియా అక్షరాల తరగతి తప్పనిసరి.

వచ్చే ఏడాదికి వలసపోయే ఇళ్ల పిల్లల వీధివారీ జాబితా మహాలయ అమావాస్యలోపే కావాలి. పేరు, వయసు, తరగతి, సర్దార్ ఊరు, పాత బాకీ: ఈ అయిదూ రాసి కార్యదర్శికి అందజేయండి.