విదేశీ సేవ: ఏం పని చేయబోతున్నారో ముందు అడగండి

సంపాదకుల వారికి,

సెలవుల్లో విదేశాలకు వెళ్లి స్వచ్ఛంద సేవ చేస్తే విద్యార్థులకు ఒరిగేదేమిటి? ‘ఆత్మవిశ్వాసం పెరుగుతుంది’ అన్నది కరపత్రాల మాట. చేతికి ఏ పని అప్పగించారన్నదాన్ని బట్టే ఉంటుంది అంతా.

తాగునీటి పథకంలో చేరినవారి సంగతే చూడండి. క్రిములను చంపడానికి కలిపిన క్లోరిన్ కుళాయి నీటిలో ఎంత మిగిలిందో కొలవాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి క్లోరిన్‌ను పట్టిచ్చే డీపీడీ అనే రసాయనపు మాత్ర వేస్తే గులాబీ రంగు తేలుతుంది. దాన్ని రంగుల పట్టీతో సరిచూసి అంకె, చోటు, వేళ రాసుకోవాలి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నీళ్లు సీసాలో పట్టుకెళ్లి సాయంత్రం గదిలో చూద్దామనుకుంటే ఈలోగా క్లోరిన్ తగ్గిపోతుంది, అంకె తప్పుతుంది. ట్యాంకు దగ్గర సరిగానే ఉండి చివరి కుళాయిలో సున్నా వచ్చిందనుకోండి, అసలు చదువు అక్కడ మొదలవుతుంది. పైపు ఎక్కడైనా పగిలిందా? నీరు మరీ ఎక్కువసేపు నిలవుందా? పంపు ఆపరేటర్‌ను, ఆ వీధివాళ్లను వచ్చీరాని భాషలో, వాళ్లు నొచ్చుకోకుండా అడిగి తెలుసుకోవాలి. ఇది తరగతిలో దొరకదు.

రెండు వారాల్లో కూడా దొరకదు. దారులు, మనుషులు తెలిసేసరికే సగం గడువు అయిపోతుంది. ఐరోపా సమాఖ్య యువ సేవా పథకమైన ఐరోపా సంఘీభావ దళం 18 నుంచి 30 ఏళ్ల వారికి ఇచ్చే వ్యక్తిగత సేవావకాశాలు సాధారణంగా 2 నుంచి 12 నెలలు ఉండేది ఊరికే కాదు. అంత తీరిక లేనివారికి ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం ఆన్‌లైన్‌లోనే పనులిస్తోంది. అనుభవానికి అదీ తక్కువేం కాదు.

పని రానివారి చేత గోడలు కట్టించే శిబిరాలకు మాత్రం దూరంగా ఉండాలి. ఎండిన ఇటుకను తడపకుండా పెడితే సిమెంటు మాలులోని నీటిని పీల్చేస్తుంది, అతుకు నిలవదు. ఆ వరసలు విప్పి మళ్లీ కట్టాల్సింది స్థానిక మేస్త్రీలే. అనాథాశ్రమాల సంగతి ఇంకా తీవ్రం. పిల్లలు దగ్గరయ్యేలోపే వాలంటీర్లు మారిపోతుంటారు. సందర్శకుల డబ్బు కోసం తల్లిదండ్రులున్న పిల్లలను కూడా చేర్చుకునే చోట్లున్నాయి. ఇలాంటి సేవ వల్ల కలిగే హానిని అరికట్టాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019లోనే దేశాలను కోరింది.

డబ్బు కట్టేముందు నాలుగు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి: పర్యవేక్షించేదెవరు, ముందు ఈ పని చేసిందెవరు, తర్వాత కొనసాగించేదెవరు, రుసుములో అక్కడికి చేరేదెంత. జీతం లేకపోయినా చాలా దేశాల్లో పర్యాటక వీసాపై సేవ చేయడం కుదరదు. కొన్ని దేశాలు అడిగే పసుపు జ్వరం టీకా ధ్రువపత్రం, టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. ప్రయాణం దగ్గరపడ్డాక పరుగెత్తితే సరిహద్దులో ఆపేస్తారు.

కాలేజీలకు ఒక విన్నపం. క్రెడిట్లు ఇచ్చేటప్పుడు ఫొటోలు, ప్రశంసాపత్రం అడగకండి. తర్వాత వచ్చినవారికి విద్యార్థి అప్పగించిన, చేసిన పని వివరాలు రాసుకున్న పుస్తకం నకలు అడగండి.

– విద్యార్థి వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే బృందం