వరద వీడియోల గురించి, గ్రూపులో అందరికీ

2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ దృశ్యాలే టీవీల్లో రోజంతా తిప్పారు. చిన్నపిల్లలకు అది పాత క్లిప్ అని తెలియదు. వేసిన ప్రతిసారీ మళ్లీ నీళ్లొచ్చాయనుకుంటారు. అందుకే తుపాను రోజుల్లో వాళ్లున్న గదిలో న్యూస్ ఛానల్ పెట్టొద్దు, మ్యూట్‌లో కూడా. పెద్దవాళ్లకు పొద్దున, సాయంత్రం పావుగంట చాలు, పడుకునే ముందు వద్దు. హెచ్చరికలకు వాతావరణ శాఖ బులెటిన్ చదవండి. దాంట్లో భయపెట్టే మ్యూజిక్ ఉండదు!

వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా'లోకి వెళ్లి వీడియోల ఆటో డౌన్‌లోడ్ తీసేయండి. తేదీ, ఊరు తెలియని వీడియో ఇక్కడ వేయొద్దు. శవాలు, ఏడ్చేవాళ్ల ముఖాలు అసలే వద్దు. ఇళ్లు మునిగినవాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు.

వాన చప్పుడుకే గుండెదడ, పీడకలలు నెల దాటినా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, అర్ధరాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.