ఇమ్యూనిటీ పెంచే పొడులు అందరికీ అంటగట్టొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

మా అక్కకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, పొద్దున లేస్తే వేళ్లు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేదు పాపం, అలాంటి మనిషికి మొన్న కొత్తపేటలో ఒక మందుల షాపాయన ఇమ్యూనిటీ పెంచే పొడి అంటగట్టాడు. అసలు ఈ జబ్బులో ఇమ్యూనిటీ సొంత కీళ్ల మీదే పడుతుంది కదండీ! దాన్ని అదుపులో పెట్టేవి రెగ్యులేటరీ టీ కణాలు అనే ఒక రకం తెల్ల రక్తకణాలు, అవి ఇంటర్‌ల్యూకిన్-10, టీజీఎఫ్ బీటా లాంటి సిగ్నల్స్ వదిలి మిగతా ఇమ్యూనిటీ కణాల్ని ఆపుతాయి, ఈ రెగ్యులేటరీ కణాలు బతకాలంటే మళ్లీ ఇంటర్‌ల్యూకిన్-2 అనే ఇంకో సిగ్నల్ కావాలి, అది లేని ఎలుకలకి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే ఇలా ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే పడే జబ్బులు, వచ్చాయి. 1995లో ఈ కణాల్ని గుర్తించిన జపాన్ సైంటిస్టు సకాగుచి గారికి ఇంకో ఇద్దరితో కలిపి 2025లో నోబెల్ కూడా ఇచ్చారు. మీ హెల్త్ పేజీలో దీని గురించి వివరంగా రాయండి, డాక్టర్‌ని అడక్కుండా ఆ పొడులు వాడొద్దని పెద్ద అక్షరాల్లో వేయండి ప్లీజ్.

ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు