కాలనీ వాట్సాప్ గ్రూపులను ఇరుగుపొరుగు సాయానికి వాడుకుందాం

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఇప్పుడు కాలనీకో, వీధికో, అపార్ట్‌మెంటుకో ఒక వాట్సాప్ గ్రూపు ఉంటోంది. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో, కరెంటు ఎంతసేపు ఉండదో తెలుసుకోవడానికి మొదలైన ఈ గ్రూపులు చాలాచోట్ల అనుమానాలకూ, ఎత్తిపొడుపులకూ, ఎక్కడివో తెలియని భయంకరమైన వీడియోలకూ నిలయాలవుతున్నాయి. ఆ తీరు చూసి ఆవేదనతో ఈ లేఖ రాస్తున్నాను. అవే గ్రూపులు కష్టకాలంలో మనుషుల్ని ఎలా ఆదుకోగలవో బుడమేరు వరదలో విజయవాడ వాసిగా చూశాను కాబట్టి, ఈ మార్పును చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

2024 ఆగస్టు నెలాఖరున కురిసిన కుండపోత వానకు బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, కండ్రిక వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ప్రభుత్వం పడవలతోనూ, హెలికాప్టర్లతోనూ, డ్రోన్లతోనూ ఆహారం అందించే ప్రయత్నం చేసింది. అయితే ఏ సందులో ఏ మేడ మీద ఎవరు చిక్కుకున్నారో చెప్పగలిగినవాళ్లు మాత్రం ఇరుగుపొరుగువారే. ఫలానా ఇంట్లో బాలింత ఉంది, ఫలానా పెద్దాయనకు ఇన్సులిన్ అయిపోయింది, మూడో సందులో పసిబిడ్డకు పాలు కావాలి అన్న సందేశాలు ఫోన్లలో ఛార్జింగ్ ఉన్నంతవరకూ ఒకరి నుంచి ఒకరికి చేరుతూ వచ్చాయి. ముంపు లేని వీధుల వాళ్లు పెద్ద గిన్నెల్లో పులిహోర కలిపి, పొట్లాలు కట్టి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి తెచ్చి అందించారు. ఎవరు ఏ కులమో, ఏ పార్టీయో అడిగే తీరిక ఎవరికీ లేదు. ప్రైవేటు పడవల వాళ్లు కొందరు వేలల్లో వసూలు చేశారన్న వార్తలు కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి, అది కాదనలేము. కానీ ఇంటింటికీ ఆకలి తీర్చింది ఆ వసూళ్లు కావు.

వరద తగ్గి, జనం ఇళ్లలోని బురద ఎత్తిపోసుకుంటున్న రోజుల్లోనే బుడమేరుకు మళ్లీ గండి పడిందన్న పుకారు లేచింది. అది నిజం కాదని అధికారులు ప్రకటించవలసి వచ్చింది. అప్పుడే కాస్త కుదుటపడుతున్న కుటుంబాలను మళ్లీ హడలెత్తించిన ఆ మాటను వ్యాపింపజేసినవాళ్లలో చాలామంది దుర్మార్గులు కారనే నా నమ్మకం. తమవాళ్లను హెచ్చరిస్తున్నామనే అనుకుని ఉంటారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కూడా ఇదే. మంచి ఉద్దేశంతోనే అయినా విచారించకుండా పంపిన మాట ఊరంతటికీ హాని చేయగలదు.

ఆ హాని ఎంత దూరం వెళ్తుందో 2018 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులతో భిక్షాటన చేసుకునేవారి మీద, దారి తప్పి వచ్చిన అపరిచితుల మీద మూకదాడులు జరిగాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. ఆ ఏడాది దేశమంతటా తిరిగిన వీడియోల్లో ఒకటి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం చిత్రీకరించినది. మోటారుసైకిలు మీద వచ్చినవాడు బిడ్డను తిరిగి అప్పగించే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించి, నిజమైన అపహరణగా ప్రచారంలో పెట్టారు. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టడానికి ఇలాంటి మరణాలే కారణం.

అదే కాలంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసిన పని గురించి మనవాళ్లు ఇంకా ఎక్కువగా చెప్పుకోవాలి. ఊరూరికీ ఒక పోలీసును బాధ్యుడిగా పెట్టి, వాళ్లు క్రమం తప్పకుండా వెళ్లి జనంతో కూర్చుని మాట్లాడేలా చేశారు. వేసవి రాత్రుల్లో ఆరుబయట పడుకునే అలవాటున్న జనం తలుపులు బిగించుకుని లోపలే ఉంటున్నారని, దానికి కారణం ఫోన్లలో తిరుగుతున్న వీడియోలని అలా వెళ్లినవాళ్లకే తెలిసింది. ఊళ్లో డప్పు వేయించి, జానపద గాయకుల చేత పాటలు పాడించి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులే చేరి సందేహాలు తీర్చారు. ఆమె పరిధిలోని వందలాది గ్రామాల్లో ఈ పుకార్ల వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. ముఖపరిచయం ఉన్న మనిషి వచ్చి చెప్పడం వల్లనే జనం నమ్మారు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. మురుగు కాలువ పూడిక తీయలేదని, వరద హెచ్చరిక సకాలంలో అందలేదని, బుడమేరు ఆక్రమణల సంగతి తేల్చాలని అడగడాన్ని నేను ప్రతికూలత అనడం లేదు. అది పౌరుల హక్కు. ఆ విషయంలో నోరు మూసుకోమనే మంచితనం నాకు అక్కర్లేదు. నేను వద్దంటున్నది అద్దెకున్న కుటుంబం గురించి గుసగుసలను, మధ్యాహ్నం చెట్టు కింద ఒరిగిన పారిశుద్ధ్య కార్మికురాలి ఫొటో తీసి ఎగతాళి చేయడాన్ని, ఆధారం లేకుండా ఎవరో కుర్రాడి బొమ్మ పెట్టి దొంగ అనడాన్ని. ఆ కార్మికులే పొరుగు జిల్లాల నుంచి కూడా వచ్చి మన వీధుల్లోని బురద ఎత్తారు.

కాలనీ సంఘాలకు నా విన్నపం ఇది. ఒంటరిగా ఉండే వృద్ధులెవరో, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లెవరో, పైఅంతస్తులో చోటివ్వగలిగిన ఇళ్లేవో వానాకాలానికి ముందే, వాళ్ల అనుమతితో రాసి పెట్టుకోవాలి. ఆ వివరాలను గ్రూపులో అందరి ముందూ పెట్టకుండా, ఇద్దరు ముగ్గురు బాధ్యుల దగ్గర ఉంచాలి. నెలకొకసారి ఫోన్లు పక్కన పెట్టి, మెట్ల దగ్గరో గుడి అరుగు మీదో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. భయపెట్టే సందేశం వస్తే, దాన్ని ఇంకొకరికి పంపే ముందు వార్డు సచివాలయానికో పోలీసులకో ఫోన్ చేసి అడిగే పని ఒకరికి అప్పగించాలి. అందుకు పట్టేది రెండు నిమిషాలు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం ఉంది. పుకారు పుట్టినప్పుడు అధికారుల ఖండనను లోపలి పేజీ మూలన కాక, జిల్లా సంచిక మొదటి పేజీలో వేయండి. వానాకాలానికి ముందు కొన్ని వారాల పాటు, కాలనీలు ఉమ్మడిగా చేసుకుంటున్న ఏర్పాట్ల గురించి పాఠకులు రాసే ఉత్తరాలకు చోటు ఇవ్వండి. మా వీధి ఏర్పాట్ల వివరాలతో మొదటి ఉత్తరం నేనే పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ