ఐర్లండ్ సెల్ఫ్‌డ్రైవ్ యాత్రలో మీ సంస్థ చూపిన నిర్లక్ష్యంపై ఫిర్యాదు

జనరల్ మేనేజరు గారికి,
కస్టమర్ సేవా విభాగం, హైదరాబాద్.

అయ్యా,

గత జూన్‌లో మీ సంస్థ ద్వారా ఐర్లండ్ పశ్చిమ తీరానికి వెళ్లి, ఒంటరిగా కారు నడుపుకొంటూ నిదానంగా తిరిగి వచ్చిన ప్రయాణికురాలిని నేను. దారిలో టైరు పంక్చరైనందుకు మిమ్మల్ని తప్పుపట్టను. సాయం కోసం ఫోన్ చేసిన మనిషిని నడిరోడ్డు మీద వదిలేసి, తిరిగొచ్చాక కూడా మీవాళ్లు పలకకపోవడమే నా ఫిర్యాదు.

బాలీవాన్ నుంచి బ్లాక్ హెడ్ మీదుగా డూలిన్ వెళ్లే దారిలో ఒక పక్క అట్లాంటిక్, మరో పక్క బర్రెన్ సున్నపురాతి గుట్టలు ఉంటాయి. అక్కడ కారు ఆగిపోగానే మీరిచ్చిన 24 గంటల నంబరుకు ఫోన్ చేశాను. మొదట మాట్లాడిన అమ్మాయి ఎయిర్‌కోడ్ చెప్పమంది. 2015లో ఐర్లండ్‌లో వచ్చిన ఆ ఏడక్షరాల పోస్టల్ కోడ్ ఇళ్లకూ భవనాలకూ ఇచ్చేది. రాళ్లూ సముద్రమూ తప్ప మరేమీ లేని చోట అది నేనెక్కడి నుంచి తేను? ఆర్ 477 రోడ్డు అని చెప్పాను, మ్యాపులోని అక్షాంశ రేఖాంశాలు ఒక్కో అంకె చదివి వినిపించాను. "కోడ్ లేకపోతే సిస్టమ్ తీసుకోదు మేడమ్" అంటూ లైను మరొకరికి కలిపింది. ఆయన నేను బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లండ్‌లో, బెల్‌ఫాస్ట్ దగ్గరున్నాననుకొని బ్రిటన్ విభాగానికి మార్చాడు. నేనున్న క్లేర్ కౌంటీ తమ పరిధి కాదని వాళ్లు మళ్లీ మొదటి నంబరుకే పంపారు. అక్కడ సంగతంతా మొదటి నుంచి చెబుతుండగానే లైను తెగిపోయింది, తిరిగి ఎవరూ ఫోన్ చేయలేదు. జూన్‌లో అక్కడ రాత్రి 10 దాకా వెలుతురు ఉండబట్టి సరిపోయింది. చివరికి అటుగా వచ్చిన రైతు ఒకాయన లిస్డూన్‌వార్నాలోని గ్యారేజీవాళ్లను పిలిపించి, వాళ్లు వచ్చేదాకా నా పక్కనే నిలబడ్డాడు.

ఇంటికి చేరాక రాసిన మెయిళ్లకు యాంత్రికమైన జవాబులే వచ్చాయి. మీ ఆఫీసుకు స్వయంగా వెళితే, రిసెప్షన్‌లోని కుర్రవాడు తలెత్తకుండానే నా ఫిర్యాదు క్లోజ్ అయిందన్నాడు. నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా ఎవరు క్లోజ్ చేశారని అడిగితే, సారు మీటింగ్‌లో ఉన్నారన్నాడు.

మా అమ్మానాన్నలను కాశీకి పంపిన నాటి నుంచి మా ఇంట్లో ఏ ప్రయాణమైనా మీ చేతుల మీదుగానే సాగింది. ఒంటరిగా అంత దూరం వద్దని అందరూ వారించినా, ఫోన్ చేస్తే పలికేవాళ్లున్నారన్న భరోసాతోనే బయల్దేరాను. ఆ భరోసాను మీరు నిలబెట్టుకోలేదు.

గ్యారేజీ బిల్లు, మరునాడు అందుకోలేకపోయిన ఇనిషీర్ దీవి పడవ టికెట్టు నకళ్లు జతచేశాను. ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి. అంతకన్నా ముందు, నా ఫిర్యాదును ఎందుకు మూసేశారో బాధ్యత గల అధికారి సంతకంతో రాసి పంపాలి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. అందుకు చట్టం రెండేళ్ల గడువిచ్చింది, నేను అంతదాకా ఆగను.

ఇట్లు,
భవదీయురాలు