వార్షిక నివేదిక 2024-25: వాటంతట అవే వెలిగిన లైట్ల సంగతి

మన అపార్ట్‌మెంట్ సభ్యులందరికీ నమస్కారం. లిఫ్ట్ మెయింటెనెన్స్ కాంట్రాక్టు రెన్యువల్ చేశాం, సంపు రెండుసార్లు కడిగించాం, వినాయక చవితి బాగా జరిగింది. లెక్కలు నోటీసు బోర్డులో ఉన్నాయి, చూసుకోండి. నివేదికలో మిగతాదంతా లైట్ల గురించే, ఎందుకంటే ఈ ఏడాది కమిటీ టైమూ, మీరు పెట్టిన చీవాట్లూ ఎక్కువగా వాటికే పోయాయి.

ఆటోమేషన్‌లో ఉన్న, అంటే బటన్ నొక్కితే కంట్రోలర్ అనే పెట్టె వెలిగించే కారిడార్ లైట్లు, వైర్లు పైకీ కిందికీ వెళ్లే డక్ట్‌ను ఆనుకున్న మూడు ఫ్లాట్లలో హాలు లైట్లు తెల్లవారుజామున ఎవరూ ముట్టుకోకుండానే వెలిగేవి. ఒకరింట్లో దిష్టి తీసి గుమ్మడికాయ కూడా కట్టారు. మేమేమైనా తక్కువ తిన్నామా, ట్యాంకుకి నీళ్లెక్కించే మోటర్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కదా, వోల్టేజీ పడిపోయి ఇలా అవుతోందని తీర్మానించి స్టెబిలైజర్ కొనేశాం. దండగ ఖర్చే, ఒప్పుకుంటున్నాను. ఆటోమేషన్ కుర్రాళ్లు వచ్చి కంట్రోలర్ మార్చారు, అయినా అదే వరస.

దారి దొరికింది వాచ్‌మన్ నోట్‌బుక్‌లో. మోటర్ వేసిన టైము, ఆగిన టైము, లైట్లు వెలిగిన టైము వారం రోజులు రాయమంటే రాశాడు. తీరా చూస్తే, "వేసినప్పుడు కాదు సార్, ట్యాంకు నిండి ఆగినప్పుడే" అన్నాడు.

దాంతో కథ మొత్తం తిరగబడింది. టెర్రస్ మీద ట్యాంకులో నీటిమట్టం చూసే ఫ్లోట్ స్విచ్ నుంచి, కింద మోటర్ ప్యానెల్లో మోటర్‌కి కరెంటు కలిపి తెంచే కాంటాక్టర్ దాకా ఒక వైరు వస్తుంది. ట్యాంకు నిండగానే ఆ స్విచ్ కరెంటు తెంచుతుంది, అప్పుడు కాంటాక్టర్‌లోని తీగచుట్టలో, అంటే కాయిల్లో నిలవున్న శక్తి పోవడానికి దారిలేక ఒక్కసారిగా వందల వోల్టుల స్పైక్‌లా ఎగదన్నుతుంది. ఆ వైరునే డక్ట్‌లో ఆటోమేషన్ స్విచ్ వైర్లతో కలిపి ఒకే ట్యాగుతో కట్టేశారు! ఆ స్పైక్ వల్ల పక్కనున్న స్విచ్ వైరులో పుట్టిన చిన్న దెబ్బను కంట్రోలర్ ఎవరో బటన్ నొక్కారనుకునేది. రుజువు కోసం మూడో అంతస్తు మాస్టారు పాత ట్రాన్సిస్టర్ తెచ్చారు. మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ దగ్గర హైదరాబాద్ స్టేషన్ దాటించి, ఏమీ రాని చోట ముల్లు నిలిపి డక్ట్ దగ్గర పట్టుకుంటే, మోటర్ ఆగిన ప్రతిసారీ టప్‌మని శబ్దం. అన్నేసి మీటర్లు పట్టుకొచ్చిన టెక్నీషియన్లు ఆ రేడియో వైపు చూసిన చూపు మాత్రం మరిచిపోలేను.

కాయిల్ రెండు చివర్ల మధ్య ఆ స్పైక్‌ను మింగేసే స్నబ్బర్ ఒకటి పెట్టించాం, అంటే 100 ఓమ్‌ల రెసిస్టరూ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరూ వరసగా కలిపిన చిన్న ముక్క. కెపాసిటర్ మెయిన్స్‌కి పనికొచ్చే ఎక్స్2 రకమే ఉండాలి, ఏదో ఒకటి వేస్తే కాలిపోతుంది. 50 మిల్లీసెకన్ల కన్నా తక్కువసేపు వచ్చే నొక్కుడును పట్టించుకోవద్దని కంట్రోలర్‌కి సెట్టింగ్ కూడా మార్పించాం, మనిషి వేలు అంత వేగంగా నొక్కి తీయదు కదా. వైర్లు విడదీయడం ఒక్క ఏ బ్లాకులోనే పూర్తయింది. అక్కడ పైన లోహపు తొడుగు, అంటే షీల్డ్ ఉన్న మెలిపెట్టిన వైరు వేసి, ఆ షీల్డ్‌ను ఒక్క చివరే ఎర్త్ చేశాం.

బల్బులు చెప్పిన మాట వినడం లేదని వచ్చిన ఫిర్యాదుల్లో రెండు వేరే రకం. స్మార్ట్ బల్బులను వైరు లేకుండా నడిపే జిగ్‌బీ హబ్‌ను వైఫై రౌటర్ మీదే పెట్టి, పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ తగిలించారు. వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో కూడా నడుస్తుంది, జిగ్‌బీ ఉండేదీ అక్కడే, ఆ డిస్క్ కేబుల్ రొద కూడా అక్కడే పడుతుంది. హబ్‌ను మీటరు దూరం జరిపి 25వ ఛానెల్‌కి మార్చాక సర్దుకుంది. ఇక ఆఫ్ చేసినా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతోందన్నవారికి: న్యూట్రల్ వైరు లేని స్మార్ట్ స్విచ్ తను బతకడానికి బల్బు గుండా కాస్త కరెంటు పంపుతుంది, కంగారు పడకండి.

బీ బ్లాకులో ఇంకా రెండు వైర్లూ కలిసే ఉన్నాయి. స్నబ్బర్ పెట్టాక అక్కడ ఒక్కసారి మాత్రమే లైట్లు వెలిగాయని నోట్‌బుక్ చెబుతోంది. వాటిని విడదీయాలంటే ఏదో ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు కరెంటు ఆపాలి. ఏ ఆదివారమో జనరల్ బాడీలో తేల్చండి, పిండి మాత్రం ముందురోజే రుబ్బుకోండి.