‘అమర ప్రేమికులు’ అనే ముందు హెలెన్ మొహం చూడండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో ప్రేమకథల పేజీలో గ్రీకు పురాణగాథల్లోని ట్రాయ్ యువరాజు పారిస్, అతను భర్త దగ్గర్నించి తీసుకొచ్చిన హెలెన్‌ల పెయింటింగ్ వేసి కింద ‘అమర ప్రేమికులు’ అని రాశారు. ఎవరు గీశారో లేదు, ఎప్పటిదో లేదు, పైగా చుట్టూ కత్తిరించి రెండు మొహాలు మాత్రం ఉంచారు. అది ఫ్రెంచి చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ 1788లో గీసింది, ఇప్పుడు ఫ్రాన్స్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

పేరు వెయ్యకపోవడం సరే, తొందరలో జరుగుతుంటాయి. నా అభ్యంతరం ఆ ‘అమర ప్రేమికులు’ మీదే. పారిస్ ఆమె చెయ్యి పట్టుకుని మొహం పైకెత్తి ఆశగా చూస్తున్నాడు, ఆమె అతని మీదికి వాలిందే గానీ కళ్లు దించేసుకుంది. సిగ్గేమో అనుకోవచ్చు, కానీ ట్రాయ్ యుద్ధం మీద హోమర్ రాసిన గ్రీకు కావ్యం ఇలియడ్ మూడో సర్గ చదివినవాళ్లకి అది సిగ్గులా అనిపించదు. అక్కడ పారిస్ హెలెన్ మొదటి భర్త మెనెలేయస్‌తో ద్వంద్వ యుద్ధానికి దిగి చిత్తుగా ఓడిపోతాడు, శిరస్త్రాణం పట్టుకుని ఈడ్చుకుపోతుంటే దాని పట్టీ తెగడం వల్ల, ప్రేమ దేవత అఫ్రొడైటీ వచ్చి పొగమంచులో దాచి ఎత్తుకెళ్లడం వల్ల బతికిపోతాడు. ఎక్కడికి తీసుకెళ్లిందంటారా, నేరుగా పడకగదికి! బయట మెనెలేయస్ అతని కోసం వెతుకుతుంటే ఆ దేవత హెలెన్‌ని పిలుస్తుంది. నేను రాను, కావాలంటే నువ్వే వెళ్లి అతని పక్కన కూర్చో అంటుంది హెలెన్. బెదిరిస్తే వెళ్తుంది, వెళ్లి కూడా మొహం తిప్పుకుని, ఆ యుద్ధంలోనే నువ్వు చచ్చిపోయి ఉంటే బాగుండేది అన్నట్టు మాట్లాడుతుంది. దావీద్ సరిగ్గా ఈ ఘట్టమే గీశాడని నేననను, కానీ ఆ దించుకున్న కళ్లు నాకు ఇక్కడివే అనిపిస్తాయి. పారిస్ చేతిలోని లైర్ వాద్యం కూడా అంతే. యుద్ధానికి ముందు అన్న హెక్టర్ అతన్ని తిడుతూ, నీ లైరూ నీ అందమూ నిన్ను కాపాడవు అన్నది ఆ సర్గలోనే.

మీరు కత్తిరించేసిన భాగంలో ఏముందో చెప్తాను. స్తంభం మీద వీనస్ విగ్రహం, అంటే ఈ కథంతా నడిపించిన అఫ్రొడైటీయే, వెనక పరుపు, ఇంకా వెనక స్తంభాలకి బదులు నిలబడ్డ స్త్రీ శిల్పాలు. ఆ శిల్పాలకి నమూనా గ్రీసులోవి కావు, 16వ శతాబ్దంలో జాఁ గూజోఁ అనే ఫ్రెంచి శిల్పి, అప్పట్లో రాజభవనమైన లూవ్ర్‌లోనే చెక్కినవి. ట్రాయ్ యువరాజు గదిలో ఫ్రెంచి రాజభవనం!

ఇంకో తమాషా, ఈ బొమ్మ గీయించుకున్నది ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ తమ్ముడు ఆర్త్వా ప్రభువు. 1789లో ఫ్రెంచి విప్లవం మొదలై బాస్తీల్ కోట పడగానే అతను దేశం వదిలి పారిపోయాడు, బొమ్మ మాత్రం అదే ఏడాది సాలోన్ అనే చిత్రకళా ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. నాలుగేళ్లకి అన్నగారి మరణశిక్షకి ఓటేసినవాళ్లలో ఈ దావీద్ కూడా ఉన్నాడు.

కాబట్టి వీలైతే వచ్చే వారం బొమ్మ మొత్తం వెయ్యండి, కింద చిత్రకారుడి పేరూ సంవత్సరమూ చాలు, ‘అమర ప్రేమికులు’ వద్దు.

ఇట్లు
మీ పాఠకురాలు